ఎరుపు ఒప్పుకోలేదు

మొదట వచ్చింది వాసన.
పనసతొనల వాసన.
వేరుశనగ చేలు పోయి రేకుల షెడ్లు లేచిన ఏడాది
తూముమిట్ట ఊరు ఊరంతా ముక్కులెగబీల్చి
"యాడో పండు మాగింది" అనుకున్నారంట.
అది సాల్వెంటని చెప్పగలిగినోళ్ళం
అప్పటికింకా పుట్టలేదు.

భూములిచ్చినోళ్ళకు కాకీ చొక్కాలిచ్చినారు.
తన చేనికి తానే కావలి కాస్తా
గంగులయ్య తాత ఇరవై ఆరేళ్ళు
గేటు తీసినాడు, గేటు వేసినాడు.
లోపల ఏం వండుతారు తాతా అంటే
"తలనొప్పి మాత్రలకు పిండి" అనేవాడు.
ఆయనకు రోజూ తలనొప్పి.

ఫ్యాక్టరీ పేరు మూడుసార్లు మారింది.
బోర్డు మారినప్పుడల్లా
పాత కేసులోని కంపెనీ లేకుండా పోయేది.
కాలవ మాత్రం అదే, తూము అదే.

మా మేనత్త మునిచెంగమ్మది వేరే కెమిస్ట్రీ.
కరక్కాయ, బర్రెపాలు.
తుప్పుబట్టిన లాడాలు బెల్లంనీళ్ళలో
ఇరవై రోజులు మురిగితే నలుపు.
పటిక పూసిన చోట ఏమీ కనబడదు;
స్వర్ణముఖిలో జాడించి
చిరువేరుతో కాచినాకే
సీతమ్మ చీర ఎర్రగా పైకి తేలుతుంది.
"రంగు నాది కాదు మే, ఏటిది" అనేది.
"నేను గీస్తానంతే. చెప్పేది నీళ్ళు."

ఏరు ఎండితే చెలమ.
నా చిన్నప్పుడు మోచేతి లోతు.
పదో తరగతికి నడుం లోతు.
బీయెస్సీ ముగించి
అదే ఫ్యాక్టరీ ల్యాబులో నేను తెల్లకోటు తొడుక్కున్న ఏడాది
చెలమలోకి దిగను నిచ్చెన కావాల్సొచ్చింది.
పొద్దున్నే ఆ నీళ్ళమీద
నెమలికంఠం రంగు పొర.
చూడను బాగుంటుంది. అదే బాధ.

ఆ ఏడాదే సీతమ్మ చీర
కాలిన రొట్టె రంగుకు తిరిగింది.
అత్త పటిక మార్చింది. వేరు మార్చింది.
మొక్కు మార్చింది.
చివరికి నా ముందు గుడ్డ పరిచి
"ఎరుపు ఒప్పుకోలా. చదువుకున్నావు గదా, చెప్పు" అనింది.

చెప్పలేదు.
కాలవ చివర సీసా పట్టడం,
మీటరు ముంచడం, రిజిస్టరులో రాయడం,
రెండో షిఫ్టులో నా పని అది.
వానరాత్రి తూము తలుపెత్తినప్పుడు
పట్టొద్దంటారు.
తెల్లారి ట్యాంకరు మంచినీళ్ళు కలిసినాక పట్టమంటారు.
ఏడు పాయింటు రెండు. ఏడు పాయింటు రెండు.
నా చేతిరాత ముత్యాలని సారు మెచ్చుకుంటాడు.

విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ.
హైస్కూలు ఆవరణ, షామియానా, మజ్జిగ ప్యాకెట్లు.
బర్రెలు ఈసుకుపోయినోళ్ళు మాట్లాడినారు.
ఉద్యోగాలు కావాలనేవాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడినారు.
వాళ్ళదీ తప్పని నేననలేను,
వాళ్ళలో మా తమ్ముడుండాడు.
మునిచెంగమ్మ మైకు ముట్టుకోలేదు.
బల్లమీద రెండు గుడ్డలు పరిచింది.
ఒకే చెయ్యి, ఒకే గీత, ఒకే సీతమ్మ.
ఒకటి షెడ్లు లేవకముందు ఏట్లో ఉతికింది.
ఒకటి మొన్న.

పెద్దసారు వంగి చూసినాడు.
కళ్ళద్దాలు తుడుచుకోని మళ్ళీ చూసినాడు.
"బాగుందమ్మా. ఆ పాతది అమ్ముతావా? ఎంత?"

ఎవరో నవ్వినారు.
అత్త రెండూ మడిచింది,
అంచుకు అంచు కలిపి, తొందరేం లేకుండా.
రెండో వరసలో నా కాడికొచ్చి
పాతది చంకన పెట్టుకోని
కొత్తది నా ఒళ్ళో వేసింది.
"ఇది నీది మే. నీ రిజిస్టరులో అంటించుకో."

ఇంకా అంటించలేదు.
సంచిలో ఉండాది, టిఫిన్ బాక్సు కింద.

ఈ రాత్రి వాన.
తూము తలుపు కిర్రుమన్న చప్పుడు వినబడింది.
సీసా కడిగి, మూత తీసి పట్టుకోని బయటికొచ్చినా.
గేటుకాడ కొత్త కావలోడు, గంగులయ్య మనవడు,
బ్యాటరీ లైటు నా మొహం మీదికేసి
"ఇంత వానలో యాడికక్కా?" అంటా ఉండాడు.